తూర్పు మూలలో పోసిన మట్టి

మా ప్రార్థన మందిరం గోడ మీద పగులు మొదట చూసింది నేనే. శనివారం శనివారం మందిరం ఊడ్చి, చాపలు దులిపి, ప్రభువు బల్ల మీద గుడ్డ మార్చడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ప్రతిష్ఠ అయ్యాక వచ్చిన మొదటి వేసవిలో, తూర్పు మూల కిటికీ కింద వెంట్రుకంత గీత కనపడింది. బూజేమో అనుకుని చీపురుతో దులిపాను. పోలేదు. వేలు పెట్టి రాస్తే సున్నం రాలింది. చీపురు అక్కడే వదిలేసి కాసేపు చాప మీద కూర్చుండిపోయాను. అది ఎందుకొచ్చిందో ఇద్దరికే తెలుసు, నాకూ మా ఆయనకూ.

మా ఆయన తాపీ మేస్త్రి. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆయన గోడ కడుతుంటే నేను మాలు కలిపి, తట్టకెత్తి అందించేదాన్ని. మా కాలనీలోనూ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలోనూ ఆయన చేతి ఇళ్ళున్నాయి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పని దగ్గర మాత్రం ఒక్క విషయంలో మొండి. అది పునాదిలో పోసే ఇసుక.

మాది నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలం పాలు పొంగినట్టు పొంగుతుంది. రెండు నిలువులు తవ్వినా రాయి తగలదు, బురదే తగులుతుంది. అందుకని ఇక్కడ పునాది గొయ్యి తవ్వితే, తీసిన మట్టి తిరిగి అందులో వెయ్యరు. దూరంగా పారబోసి, గోదావరి ఇసుక తెచ్చి, జానెడు మందాన పరిచి, నీళ్ళు పట్టించి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ జానెడు పోస్తారు. అలా నడుము లోతు నిండాలి. కింద మట్టి పొంగినా కుంగినా ఆ ఇసుక సర్దుకుని ఆ కదలికని గోడ దాకా రానివ్వదు. "గోడని ఊరంతా చూస్తుంది. ఇసుకని చూసేది నేనొక్కణ్ణే" అనేవారు ఆయన.

నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మే వాక్యం, అంటే బైబిలు, ముందు పెట్టుకుని, చీపురుపుల్లతో ఒక్కో అక్షరం చూపిస్తూ చదివించింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నాలుగు వరసలు. అమ్మకొచ్చిన చదువూ అంతంతే. నోరు తిరగని మాట తగిలితే, "ఇది దేవుడికి తెలుసులే, నువ్వు ముందుకు పో" అనేది. పడుకునే ముందు రోజూ మూడు సంగతులకు దేవుడికి కృతజ్ఞతగా స్తోత్రం చెప్పించేది. ఏమీ లేదమ్మా ఇవాళ అంటే, వెతుకు అనేది. జ్వరం వచ్చిన రోజు కూడా వెతికేదాన్ని. నా విశ్వాసానికి పునాది అదే, ఇంకోటి లేదు. దాని వల్ల నాకు ఎంత మేలు జరిగిందో చెప్పలేను. కానీ ఒక కీడు కూడా జరిగింది. నా నోట్లో స్తోత్రం ఆలోచన కన్నా ముందే వచ్చేస్తుంది.

మందిరం లేని రోజుల్లో పన్నెండేళ్ళపాటు సంఘపెద్ద గారి ఎరువుల కొట్టు అరుగు మీద ఆదివారం ఆరాధన జరిపేవాళ్ళం. మంచి మనిషి. వానొస్తే యూరియా బస్తాలు జరిపించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టేవారు. చివరికి కాలనీ అవతల పూడ్చిన చేపల చెరువులో ఒక ముక్క మందిరానికి దొరికింది. మా ఆయనే కట్టాలని అందరూ అన్నారు.

శంకుస్థాపన రోజున అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, బండ మీద ఇల్లు కట్టినవాడి గురించీ ఇసుక మీద కట్టి కూల్చుకున్నవాడి గురించీ వాక్యం చెప్పారు. కూడిక అయ్యాక టీ గ్లాసు పట్టుకుని మా ఆయన మెల్లగా అడిగారు.

"అయ్యగారూ, మన వైపు బండ లేదు కదండీ. నేను ఇసుకే పోస్తానండీ మరి. పర్లేదాండీ?"

అయ్యగారికి నవ్వాగలేదు. "పొయ్యి మేస్త్రీ. నీ ఇసుక మీద నాకు విశ్వాసముంది."

"విశ్వాసం సరేనండీ, ట్రాక్టర్లెన్ని కావాలో చెప్పమనండి" అన్నారు సంఘపెద్ద గారు. అందరం నవ్వాం. ఆ స్థలంలో అంతమంది కలిసి నవ్వింది ఆ రోజే.

మూడు వైపులా ఇసుక నిండింది. తూర్పు మూల మిగిలింది. అప్పుడు గోదావరి ఏరు పొంగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఫోన్లలో చూసుకున్నాం. ఏటి ఒడ్డున ఇసుక ఎత్తే ర్యాంపులన్నీ మునిగాయి, మూసేశారు. ఇసుక ట్రాక్టరు మా వైపు కనపడలేదు. మా ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గొయ్యి ఒడ్డున నిలబడి వచ్చేవారు.

అప్పటికే క్రిస్మస్ ముందు ప్రతిష్ఠ అని కార్డులు వేయించేశారు. ముందు తేదీ అచ్చు వేయించి, తరవాత దాని వెంట పరుగెత్తడం మా సంఘాలకు అలవాటు. ఆ తేదీ తప్పితే సాతాను గెలిచాడంటారు.

"ఏంటి మేస్త్రీ, ఆ గొయ్యికి ఎన్నాళ్ళు కాపలా కాస్తావు?" అన్నారు సంఘపెద్ద గారు ఒకరోజు.

"ఏరు తగ్గాలండీ."

"ఏరు నా మాట వింటుందా? పాలకొల్లు నుంచి దైవజనులు వస్తామని డేటిచ్చారు. ఆ ఒక్క మూలా ఏదోటి చూడు."

"ఏదోటి అంటే ఇసుకేనండీ."

"మూడొంతులు పోశావు కదయ్యా. ఆ కాస్త దానికి దేవుడు నీ మీద కేసు పెడతాడా?"

పన్నెండు రోజులు ఆగారు మా ఆయన. పదమూడో రోజు పొద్దున పార తీసుకురమ్మన్నారు. కూలీలెవరినీ పిలవలేదు. పారబొయ్యడానికని పక్కన పోగేసిన నల్లమట్టి ఉంది కదా, అదే తిరిగి అందులో పోశాం. ఆయన ఎత్తారు, నేను మోశాను. మధ్యలో విరిగిన ఇటుకలు వేశాం. పైన, మిగిలిన ఇసుక చీపురుతో ఊడ్చి తెచ్చి జానెడు పరిచాం. తట్ట కింద తల మీద చుట్టుకున్న నీలం చీర ముక్క ఆ గోతిలో జారిపోయింది. దిగి తీసుకుందామనుకునేసరికి పైన తట్ట మట్టి పడిపోయింది. పాతదేలే అని వదిలేశాను. అయిపోయాక పైనుంచి చూస్తే నాలుగు మూలలూ ఒక్కలాగే ఉన్నాయి.

అడగకపోలేదు, అడిగాను. "ఇది పొంగదాండీ?"

ఆయన చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండా అన్నారు. "దేవుడి ఇల్లు. దేవుడే చూసుకుంటాడులే."

"స్తోత్రం" అన్నాను నేను.

ఇప్పుడు ఆలోచిస్తే మా ఇద్దరి మాటల్లోనూ విశ్వాసం లేదు. మా చేత్తో చెయ్యాల్సింది చెయ్యకుండా దేవుడి మీదకు నెట్టాం. అమ్మ చీపురుపుల్ల పట్టుకుని నేర్పిన మాటతో నేను దానికి మూత వేశాను.

ప్రతిష్ఠ బ్రహ్మాండంగా జరిగింది. అచ్చు వేసిన తేదీకే జరిగింది. మా ఆయనకు శాలువా కప్పారు. ఇంటికొచ్చాక దాన్ని మడత విప్పకుండా ట్రంకుపెట్టె అడుగున పెట్టేశారు. ఆ చలికాలం కప్పుకోమని ఎన్నిసార్లు చెప్పినా తియ్యలేదు.

పగులు సంగతి చెప్పిన రోజున ఆయన సాయంత్రం వెళ్ళి మాలు కూరి, సున్నం కొట్టి వచ్చారు. వానలకు పూడుకుపోయింది. మరుసటి వేసవికి మళ్ళీ విచ్చుకుంది. ఈసారి అగ్గిపుల్ల పట్టేంత. మళ్ళీ పూడ్చారు. ఆదివారాలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తాను తీసుకోకుండా తల వంచుకుని పక్కవాళ్ళకు అందించేసేవారు. తప్పు చేసినవాళ్ళే ఆ రొట్టె ముట్టరు కాబట్టి, మేస్త్రి మళ్ళీ మందు మొదలెట్టాడని సంఘంలో గుసగుసలు బయల్దేరాయి. అయ్యగారు ఇంటికొచ్చి చాలాసేపు ప్రార్థన చేసి వెళ్ళారు, తాగుడు మానేలా కృప చూపమని. ఆయన తాగడం లేదు. పెళ్ళయిన కొత్తల్లో మానేసినవారు మళ్ళీ ముట్టలేదు. అయినా కాదనకుండా ఆమెన్ అన్నారు.

మా అమ్మాయిని మా వీధిలోనే ఇచ్చాం. ఆదివారం పిల్లలకు పాటలూ కథలూ నేర్పేది తనే. తూర్పు మూల ఫ్యాను ఉందని పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టేది. నేను ముందుగా వెళ్ళి చాపలు పడమటి వైపుకు మార్చేసేదాన్ని. అక్కడ తలుపులోంచి ఎండ పడుతుంది.

"ఏంటొదినా, పిల్లల్ని ఎండబెడుతున్నావా అప్పడాల్లాగా?" అంది పక్కింటావిడ ఒకసారి. "మీ ఆయన కట్టాడని ఆ గోడని ఎవరూ ఆనుకోకూడదా ఏంటి, మాసిపోతుందా?"

నవ్వేసి ఇంకో చాప లాగాను. నేను ఇటు తిరగ్గానే మా అమ్మాయి చాపలు మళ్ళీ ఫ్యాను కిందకి లాగేసేది. పాటలు పాడేటప్పుడు పిల్లలు ఆ గోడకు వీపులానించి ఊగేవాళ్ళు. నేను కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చెయ్యడం అప్పుడే అలవాటు చేసుకున్నాను.

మూడో ఏడు తుపాను వానలు వారం రోజులు వదల్లేదు. కాలవ పొర్లి మందిరం చుట్టూ మోకాలి లోతు నిలిచింది. నీళ్ళు కాస్త తగ్గాక వెళ్ళి చూస్తే పగుల్లో నా చూపుడువేలు రెండో గణుపు దాకా పోయింది. ఆ బుధవారం అన్నం వడ్డించి చెప్పాను.

"ఆదివారం అయ్యగారితో చెప్పేద్దామండీ."

"ఏమని?"

"మట్టి పోశామని."

"పోసింది నేను."

"మోసింది నేను."

కలిపిన ముద్ద కంచంలో పెట్టేశారు. "చెప్తే ఇంక నా చేత గోడ కట్టించుకునేదెవరే? పోనీ ఆ పని పోతే పోయింది. నేను కట్టిన ఇళ్ళల్లో వాళ్ళు రేపట్నుంచి నిద్రెలా పోతారు? ఏ ఇంట్లోనూ అలా చెయ్యలేదంటే నమ్ముతారా?"

"పిల్లలు కూర్చుంటున్నారండీ అక్కడ."

ఆయన గ్లాసందుకుని నీళ్ళు తాగారు.

"మీరు చెప్పకపోతే ఆదివారం నేను లేచి చెప్తాను" అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనతో అలా మాట్లాడింది అదొక్కసారే. ఆయన కోప్పడలేదు. సగం అన్నం ఉండగానే కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

గురువారం పొద్దున పారా గునపమూ తీశారు. "మందిరం దగ్గర నీళ్ళు నిలిచాయి, కాలవ తీసొస్తాను" అన్నారు. సైకిలు వెనక రెండు సంచులు కట్టి ఉన్నాయి. మా ఇంటి పక్కన ఎప్పట్నుంచో పడున్న ఇసుక సంచుల్లోకి ఎత్తుకున్నారు. నాకు అర్థమైంది. ఆ మూల మొదట్లో కొంచెం కొంచెంగా మట్టి లాగి ఇసుక కూరాలని వెళ్తున్నారు. తడిసిన గోడ మొదలు తవ్వకూడదని మాలు మోసే నాకే తెలుసు. ఆయనకు తెలియకపోవడమేంటి.

నేను ఆపలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ సంచులు చూసి నా మనసు తేలికపడింది. చెప్పకుండానే సరిపోతుంది, ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు అనుకున్నాను. గుమ్మంలో నిలబడి స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

పదిన్నరకు ఇటుకల లోడు కుమ్మరించినట్టు చప్పుడైంది. కూర తరుగుతున్న కత్తిపీట వదిలేసి పరిగెత్తాను. తూర్పు గోడ కిటికీతో సహా బయటికి పడిపోయి ఉంది. రేకులు వంగి వేలాడుతున్నాయి. పార పిడి బయటికి కనపడుతోంది. అందరూ కలిసి ఇటుకలు తీశారు. నేనూ తీశాను. ఆయన కట్టిన గోడ కదా, ఇటుకా ఇటుకా విడిపోలేదు, పెళ్ళలు పెళ్ళలుగా పడింది. పెళ్ళల్ని ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చింది. ఆయన దొరికేసరికి ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు.

ఆ పగలంతా ఇంటికి వచ్చినవాళ్ళు ఒకటే మాట అన్నారు. దేవుడి ఇల్లు కాపాడబోయి పోయాడు, ఎంత ధన్యుడమ్మా. ఆదివారం కాకుండా గురువారం పడింది, పిల్లలు బతికిపోయారు, స్తోత్రం చెప్పుకోండి. చెప్పాను. ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉండగా పిల్లలు బతికినందుకు స్తోత్రం చెప్పాను. అది నిజమైన స్తోత్రమే. కానీ నోటికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం లేచి చెప్తానన్నాను కదా. మొదటి ఆదివారం లేవలేదు. రెండోదీ, మూడోదీ గడిచిపోయాయి. మనిషే లేరు, గోడే లేదు, ఇంకేం మిగిలిందని నాకు నేను చెప్పుకున్నాను.

నెల తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పడిపోయిన గోడ పక్కన షామియానా వేశారు. ముందురోజు సంఘపెద్ద గారు ఇంటికొచ్చారు. పాపం, ఆయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సోమవారం నుంచి గోడ లేపేస్తున్నామమ్మా. వేరే మేస్త్రీని మాట్లాడాను. పునాది మన మేస్త్రీ వేసిందే కదా, దానికి ఢోకా లేదు. నీళ్ళకు నాని గోడ పడిందంతే. దాని మీదే కట్టమన్నాను. పాలరాయి మీద ఆయన పేరు చెక్కించి ఆ మూలే పెడదాం."

ఆయన వెళ్ళాక మా అమ్మాయికి మొత్తం చెప్పాను. పొయ్యి దగ్గర నిలబడి విన్నది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నాన్న లేరు కదమ్మా. ఇప్పుడెవరి కోసం చెప్తావు?"

"నువ్వు రేపు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావు?" అన్నాను.

"రాయి మీద నాన్న పేరుంటుందనుకున్నాను" అంది.

కూడికలో భార్య సాక్ష్యం చెప్పాలి, అది మా పద్ధతి. చివరి రోజుల్లో ఆయన ఎంత భక్తిగా ఉన్నారో, ఏం మాట్లాడారో చెప్పి, దేవునికి స్తోత్రం అని కూర్చుంటారు. మైకు ఇచ్చారు. నాకు మైకులో మాట్లాడటం రాదు. వాక్యం మీద వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదువుతున్నట్టు చెప్పాను.

"ఆ మూలలో ఇసుక లేదండీ. తీసిన మట్టే మళ్ళీ పోశాం. ఆయన ఎత్తారు, నేను మోశాను. ఆ రోజు కాలవ తియ్యడానికి వెళ్ళలేదు, అది సరిచెయ్యడానికి వెళ్ళారు. దాని మీద గోడ కట్టకండి. ఆయన కట్టిన ఇంకే ఇంట్లోనూ ఇలా చెయ్యలేదు. అన్నిటికీ ఇసుక నేను మోశాను, నాకు తెలుసు."

స్తోత్రం చెప్పడం మర్చిపోయి కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు లేచి ఏదో మొదలెట్టి ఆగిపోయారు. "ఆ మనిషిని తాగుబోతనుకున్నాను" అన్నారు మైకులోనే. సంఘపెద్ద గారు తన మోకాళ్ళ వైపు చూసుకుంటూ ఉండిపోయారు. కార్డుల సంగతి నేనెత్తలేదు. గొయ్యి దగ్గర ఆయన్నెవరు తొందరపెట్టారో చెప్పడానికి నేను లేవలేదు.

సోమవారం ఆ మూల తవ్వారు. జానెడు ఇసుక కింద నల్లమట్టి వచ్చింది, ఇంకా తడిగానే ఉంది. విరిగిన ఇటుకలు వచ్చాయి. వాటి కింద, పారకు చుట్టుకుని నా నీలం చీర ముక్క వచ్చింది. అడిగి తీసుకుని, ఉతికి, తలకు చుట్టుకున్నాను. ఇసుక ట్రాక్టరు వచ్చాక నాలుగు రోజులు కూలీలతో పాటు మోశాను. కొత్త మేస్త్రి వద్దనలేదు. జానెడు, నీళ్ళు, దిమ్మిస. జానెడు, నీళ్ళు, దిమ్మిస. మూడో రోజు మధ్యాహ్నం సంఘపెద్ద గారు పంచె ఎగకట్టుకుని గోతిలోకి దిగి దిమ్మిస అందుకున్నారు. నాతో ఇప్పటికీ పెద్దగా మాట్లాడరు. చెమటతో పాటు ఇంకేదో తుడుచుకున్నారు, అంతే చూశాను.

పాలరాయి పెట్టలేదు. మా ఆయన భయపడ్డదే జరిగింది. ఆయన కట్టిన ఇళ్ళల్లో ఇద్దరు వేరే మేస్త్రిని పిలిపించి మూలలు తవ్వించి చూసుకున్నారు. నడుము లోతు ఇసుక ఉందట. ఉందని నాతో చెప్పడానికి ఒక్కరే వచ్చారు. మా అమ్మాయి రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు. తరవాత ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి చాపలు తనే పడమటి వైపు పరిచి ఉంది. ఇప్పుడు ఇక్కడైనా పర్లేదమ్మా అని నేనే తూర్పు మూలకు లాగాను.

శనివారాలు ఇప్పటికీ నేనే ఊడుస్తాను. కిటికీ కింద చెయ్యి ఆనించి రాస్తాను. ఈ వేసవికి ఏమీ తగల్లేదు. పొద్దుగూకాక అమ్మ చెప్పినట్టే మూడు సంగతులు వెతుక్కుంటాను. పిల్లలున్నారు. గోడ కింద ఇసుక ఉంది. మూడోది ఆయన గురించే చెప్పాలని రోజూ మొదలెడతాను. ముప్పై ఏళ్ళు ఆయనతో ఉండనిచ్చినందుకు చెప్పాలో, ఆ గురువారం గుమ్మంలో నేను నోరు మూసుకున్నందుకు క్షమించమని అడగాలో తేల్చుకోలేక ఆగిపోతాను. స్తోత్రం ఇప్పుడు నా నోటికి తొందరగా రాదు. వచ్చేదాకా కూర్చుంటాను.